ఇంట్లో మూగజీవి పోయిందా? డాక్టరుకు ఆ మాటా చెప్పండి

వీధికుక్కల మీద సుప్రీంకోర్టు 2025లో ఇచ్చిన ఉత్తర్వులు ఇళ్లలో కూడా వాదనలు రేపాయి. ఢిల్లీ పరిసరాల్లోని కుక్కల్ని షెల్టర్లకు తరలించాలని ఆగస్టు 11న చెప్పింది. 22న దాన్ని సవరించి, ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలాలంది. రేబిస్ సోకినవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టిన కుక్కల్ని మళ్లీ అక్కడికి తేవద్దంది. టీవీ చర్చల్లో కుక్కల్ని ప్రేమించేవాళ్లు ఒకవైపు, కరిపించుకున్నవాళ్లు మరోవైపు కూర్చున్నారు.

ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఈ ఇద్దరూ చాలాసార్లు ఒక్క మనిషే. కరిచింది వాళ్లింటి కుక్కే. అన్నం తినడం మానేసిందని, మూల నక్కిందని దగ్గరకు తీసుకుని నోట్లో పాలు పోయబోతే కరిచి ఉంటుంది. కర్నూలు, కడప పల్లెల్లో దీనికి ఇంకో రూపం ఉంది. ఆవో ఎనుమో మేత ముట్టదు, చొంగ కారుస్తుంది, గొంతు మారి అరుస్తుంది. గొంతులో ఏదో ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెట్టి చూస్తారు. అది రేబిస్ అయితే, ఆ చేతికి చిన్న గీత ఉన్నా చాలు, పంటిగాటుతో సమానం. వాళ్లకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి.

చిక్కెక్కడంటే, ఈ సంగతి మాకు వెంటనే తెలియదు. గొడ్డు పోయిందని ఆసుపత్రిలో చెప్పుకోవడం నామోషీ. ‘నిద్ర పట్టట్లేదు సార్, బీపీ పెరిగింది, గుండె దడగా ఉంది’ అంటారు. ఇంట్లో ఏమైనా జరిగిందా అని రెండుసార్లు అడిగితే పక్కనున్న భార్యో కొడుకో చిన్నగా నవ్వి, ‘ఎద్దు పోయిందిలే సార్, అప్పట్నుంచీ ఇంతే’ అంటారు. ఆ నవ్వు ఉన్నంతకాలం ఆయన నోరు విప్పడు. దిగులూ బయటికి రాదు, ఎద్దు ఏ జబ్బుతో పోయిందో, దాన్ని ఎవరెవరు తాకారో అదీ రాదు.

కరువు సీమలో ఎద్దంటే ఏమిటో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎమ్మిగనూరు జాతరలో చూసి చూసి కొన్న జత, ఊరి బండలాగుడు పోటీలో పేరు తెచ్చిన జత, వానలు తప్పిన ఏడు మేత కొనలేక కన్నీళ్లతో సంతకు తోలిన జత. చావులో కనీసం పాతిపెట్టి మొక్కే వీలుంటుంది. అమ్మినప్పుడు అదీ లేదు. నా ఉద్దేశంలో అమ్మకపు దిగులే ఎక్కువకాలం నలుపుతుంది. పట్నం అపార్ట్‌మెంట్లో పన్నెండేళ్లు పెంచిన లాబ్రడార్ పోయిన ఇంటి బాధ కూడా తక్కువేమీ కాదు. అక్కడ ఓదార్చడానికి ఊరు ఉండదు, అంతే తేడా.

ఇది శరీరాన్నీ తాకుతుంది. పెంపుడు కుక్క పోయాక ఛాతీనొప్పితో వచ్చిన 60 దాటిన అమెరికా మహిళ కేసు 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రక్తనాళాల్లో అడ్డు లేదు. తీవ్రమైన దుఃఖానికి గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే టకొట్సుబో అనే స్థితి అది. అందుకే ఇలాంటి సమయంలో ఛాతీనొప్పి వస్తే ‘దిగులులే’ అని ఇంట్లో ఉండిపోవద్దు. ఈసీజీ తీయించాలి.

మరి పశువులకు దుఃఖం ఉండదా? దూడ చనిపోతే ఎనుము చేపదు. తోలులో గడ్డి కుట్టి ముందు నిలబెట్టి పాలు పితికిన ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఇటలీలో 426 మంది యజమానులను అడిగితే, రెండో కుక్క చనిపోయాక మిగిలిన కుక్క ప్రవర్తన మారిందని 86 శాతం మంది చెప్పారు. ఈ ఫలితాలు 2022లో వచ్చాయి. చెప్పింది యజమానులు కాబట్టి వాళ్ల బాధా అందులో కొంత కలిసి ఉంటుంది. అయితే మిగిలిన కుక్క తినడం మానేస్తే దిగులని సరిపెట్టుకోవద్దు. మొదటిదాన్ని తీసుకెళ్లిన జబ్బే దీనికీ అంటి ఉండొచ్చు. పశువైద్యుడికి చూపించాలి. ఫోన్ చేస్తే ఇంటి దగ్గరికే వచ్చే సంచార పశువైద్య వాహనానికి నంబరు 1962.

వదులుకోవడం దగ్గరే అందరూ తడబడతారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక ఏ పశువూ బతకదు. దాన్ని ఒడిలో పెట్టుకుని కాచుకోవడం ప్రేమే, కానీ ఇంటిల్లిపాదికీ ముప్పు. విడిగా ఉంచి పశువైద్యుడికి అప్పగించాలి. పిల్లల చేత చివరిసారి ముద్దు పెట్టించొద్దు. అంటురోగం కాక ముసలితనంతోనో క్యాన్సర్‌తోనో పోతుంటే మాత్రం పిల్లల్ని దాచకండి, దగ్గర కూర్చోనివ్వండి. ‘ఎక్కడికో పంపించాం’ అని అబద్ధం చెబితే వాళ్లు వెతుకుతూనే ఉంటారు. నయంకాని నొప్పితో అల్లాడే జంతువుకు పశువైద్యుడు కారుణ్య మరణం సూచిస్తే, ఒప్పుకున్నందుకు తప్పు చేశామని కుమిలిపోవద్దు.

గొర్రె ఉన్నట్టుండి చచ్చి ముక్కు నుంచి గడ్డకట్టని నెత్తురు కారితే అది దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. కోయొద్దు, తోలు తీయొద్దు, మాంసం పంచుకోవద్దు. పశువైద్యుడు చెప్పినట్టు లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పాతాలి. చేతిమీద నల్లటి పెచ్చు కట్టిన పుండు వస్తే, నొప్పి లేకపోయినా, ఆసుపత్రికి రావాలి.

నెలలు గడిచినా తిండి, నిద్ర, పని దారిన పడకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

రేబిస్ అనుమానమున్న పశువు పాలు కాచి తాగినవాళ్లకు, పుండ్లు లేని చర్మాన్ని అది నాకినవాళ్లకు టీకా అవసరం లేదు. గీరుకుపోయిన చేతికి చొంగ తగిలినా, కరిచినా సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి ఆ రోజే రండి. అది చనిపోయి వారం కాదు, నెల దాటినా సరే, వస్తే టీకా వేస్తాం.