సంక్రాంతికి నగరంలోనే ఉంటున్నారా? డాబా మీద ఒక కర్ర నిలబెట్టండి

జనవరి రెండో వారం వచ్చిందంటే హైదరాబాద్ బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు కిటకిటలాడతాయి. విజయవాడ దారిలో టోల్‌గేట్ల దగ్గర కార్లు బారులు తీరతాయి. ఊరెళ్లేవారి గురించి వార్తలు చాలానే వస్తాయి. నగరంలో ఉండిపోయేవారి గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సెలవు దొరకనివారు, టికెట్టు దొరకనివారు, ఊళ్లో పలకరించే పెద్దదిక్కు లేనివారు ఇక్కడ ఎందరో ఉన్నారు. వారి పిల్లలకు పండుగ సెలవులంటే టీవీ, ఫోను, ఒకపూట షాపింగ్ మాల్. ‘నగరంలో పండుగేముందిలే’ అన్న మాట ఆ ఇళ్లలో తరచూ వినిపిస్తుంది.

ఆ మాటతో నేను ఏకీభవించను. సంక్రాంతి కొత్తపంట పండుగ, నిజమే. కానీ దాని తేదీని పెట్టింది ఆకాశాన్ని తరతరాలుగా గమనించినవారు. ఆ సూర్యుడు అపార్ట్‌మెంట్ డాబా మీదికీ వస్తాడు. గమనించడాన్ని తిరిగి పండుగలో భాగం చేసుకుంటే నగరంలోని కుటుంబానికి సెలవులు చప్పగా గడవవు. పండుగ పేరుతో మనం చేస్తున్న రెండు హానికరమైన పనులు కూడా అప్పుడు మన కంటపడతాయి.

ఆరు సెంటీమీటర్ల ఉత్తరాయణం

ఒక మీటరు పొడవున్న కర్రను డాబా మీద నిట్టనిలువుగా నిలబెట్టండి. మధ్యాహ్నం 12 గంటల నుంచి 12.40 వరకు ఐదేసి నిమిషాలకు ఒకసారి దాని నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెట్టమని పిల్లలకు చెప్పండి. అన్నిటికన్నా పొట్టి నీడ పడిన క్షణమే మీ ఇంటికి అసలైన మధ్యాహ్నం. ఆ నీడ చూపే దిక్కే ఉత్తరం.

హైదరాబాద్‌లో డిసెంబరు 21న ఈ పొట్టి నీడ సుమారు 86 సెంటీమీటర్లు ఉంటుంది. సంక్రాంతి నాటికి అది 80 సెంటీమీటర్లకు తగ్గుతుంది. సూర్యుడు ఉత్తరానికి జరుగుతున్నాడని పంచాంగం చెప్పే మాటను ఆ ఆరు సెంటీమీటర్ల తేడాలో పిల్లలు స్వయంగా చూడవచ్చు.

ఇక్కడే వారికి ఒక సందేహం రావాలి. డిసెంబరు 21, 22 తేదీల్లోనే సూర్యుడు ఉత్తరానికి మళ్లితే, పండుగ జనవరి 14న లేదా 15న ఎందుకు వస్తోంది? మన పంచాంగం సూర్యుడి స్థానాన్ని నక్షత్రాలతో పోల్చి లెక్కిస్తుంది. భూమి అక్షం తిరుగుతున్న బొంగరంలా చాలా నెమ్మదిగా దిశ మార్చుకుంటూ ఉంటుంది. అందువల్ల నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ మధ్య సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతూ వచ్చింది. దాదాపు 1,700 ఏళ్ల కిందట ఆ రెండూ ఒకేరోజు పడేవి. పిల్లలకు ఇంతకన్నా మంచి కథ ఏముంటుంది?

ఇంకో చిక్కుముడి కూడా ఉంది. డిసెంబరు 21 తర్వాత పగలు పెరుగుతుందని బడిలో చెబుతారు. కానీ హైదరాబాద్‌లో సంక్రాంతి నాటికి సూర్యుడు ఇంకో ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. అస్తమయం మాత్రం దాదాపు 14 నిమిషాలు ఆలస్యమవుతుంది. పెరిగిన పగలు ఆరు నిమిషాలే, అదీ సాయంత్రం వైపు నుంచే. ఇక సూర్యుడు దూరమవడం వల్లే చలి వేస్తుందని అనుకునేవారికి ఒక మాట: జనవరి మొదటి వారంలోనే భూమి సూర్యుడికి అతి చేరువగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. చలికి కారణం భూమి అక్షం వంపు, దానివల్ల మనమీద ఏటవాలుగా పడే ఎండ.

అమ్మమ్మకు ఫోన్ చేయండి

నగరపు వెలుగుల్లో పాలపుంత కనిపించదు. అయినా జనవరిలో రాత్రి ఎనిమిది దాటాక తూర్పు నుంచి నడినెత్తి వరకు చూస్తే గొల్లకావిడి మూడు చుక్కలు వరుసగా కనిపిస్తాయి. వాటికి ఒకపక్క ఎర్రగా మెరిసేది ఆర్ద్ర, మరోపక్క నీలితెలుపులో ఉండేది రైజెల్. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, ఇంకా వేడెక్కితే తెల్లబడుతుంది. నక్షత్రాలదీ అదే లెక్క. ఎర్రని ఆర్ద్ర కన్నా నీలితెలుపు రైజెల్ ఎంతో వేడిగా ఉంటుంది. కాస్త ఎగువన చుక్కల గుంపుగా కనిపించేది పిల్లలకోడి, అంటే కృత్తిక. ఊళ్లో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, వారి చిన్నప్పుడు ఏ చుక్కను ఏమని పిలిచేవారో అడగమని పిల్లలకు చెప్పండి. ఆ పేర్లు మన ఇళ్లలో ఇంకో తరం తర్వాత వినిపిస్తాయన్న నమ్మకం లేదు. మర్నాడు నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా ప్లానెటేరియానికి వెళితే అక్కడ చూసేదంతా వారికి మరింత బాగా అర్థమవుతుంది.

వంటింట్లోనూ పని ఉంది. అరిసెల పాకం కుదిరిందో లేదో చూడటానికి పెద్దవాళ్లు ఒక చుక్కను చన్నీళ్లలో వేసి ఉండ కడుతుందా అని పరీక్షిస్తారు. పాకంలో నీరు ఆవిరవుతున్నకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఉండ కట్టిందంటే నీరు ఎంత తగ్గాలో అంత తగ్గిందని అర్థం. థర్మామీటరు అవసరం లేని కొలత ఇది. పొయ్యికి కాస్త దూరంగా నిలబెట్టి, ఆ నీళ్ల గిన్నెను పిల్లల చేతికివ్వండి.

వేట నుంచి లెక్కకు

పండుగ అలవాట్లు మారవని కొందరు వాదిస్తారు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో క్రిస్మస్ రోజున జట్లుగా వెళ్లి కనిపించిన పక్షినల్లా కాల్చే ఆట ఉండేది. ఎక్కువ చంపిన జట్టుకే గెలుపు. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త, ఈసారి చంపకుండా లెక్కపెడదామని ప్రతిపాదించారు. ఆ ఏడాది ముందుకొచ్చింది 27 మంది. ఆ లెక్క ఏటా నేటికీ సాగుతోంది. మన పొరుగున తమిళనాడులోనూ పొంగల్ నాలుగు రోజుల్లో పౌరులు పక్షులను లెక్కిస్తున్నారు.

మన నగరాల్లోనూ సంక్రాంతికి ఇలాంటి అలవాటు రావాలి. అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. శీతాకాలంలో అక్కడికి వలస పక్షులు వస్తాయి. అంత దూరం వెళ్లలేకపోతే వీధి చివర పార్కులో పదిహేను నిమిషాలు కూర్చుని, కనిపించిన పక్షులను నోటుపుస్తకంలో రాసుకున్నా చాలు.

అలా లెక్కపెట్టిన పిల్లలకు చెట్టుకు చిక్కిన మాంజా వేరుగా కనిపిస్తుంది. నైలాన్ దారం తెగదు, కుళ్లదు. పండుగ అయిపోయాక కూడా నెలల తరబడి కొమ్మల్లో ఉండి రెక్కలు కోస్తుంది. ద్విచక్రవాహనంపై వెళ్లేవారి మెడలూ కోస్తుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దాన్ని దేశమంతటా నిషేధించింది. అయినా అది దొరుకుతూనే ఉంది, కొనేవాళ్లం ఉన్నాం కాబట్టి. గాజుపొడి పూయని నూలుదారం వాడదాం. పక్షులు గూళ్ల నుంచి వెళ్లే పొద్దుటిపూట, తిరిగొచ్చే సాయంత్రం పూట గాలిపటాలు దించేద్దాం.

భోగి పొగ ఎక్కడికి పోతుంది?

శీతాకాలపు రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైనున్న పొర వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చని పొర మూతలా పనిచేసి పొగను పైకి పోనివ్వదు. తెల్లవారుజామున మూత ఇంకా బిగుసుకునే ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనం భోగిమంట వేస్తాం. పొలాల మధ్య ఊళ్లో ఒక మంట వేరు, ఇరుకు వీధిలో పది మంటలు వేరు. అందులో టైర్లు, ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క, పాత పరుపులు వేస్తే వెలువడే విషవాయువులన్నీ మన పిల్లల ముక్కు ఎత్తులోనే తిరుగుతాయి. కాలనీకంతటికీ ఒకే చిన్న మంట, ఎండు కట్టెలతో మాత్రమే వేద్దాం. పాత వస్తువుల్లో పనికొచ్చేవి అవసరమైనవారికి ఇద్దాం, మిగతావి రీసైక్లింగ్‌కు పంపుదాం. పాతను వదిలించుకోవడమన్న భోగి ఉద్దేశం అలాగే ఉంటుంది.

సెలవుల్లోనూ పిల్లలకు పాఠాలా అని అనేవారు ఉంటారు. ఇందులో మార్కులు లేవు, హోంవర్కు లేదు. పెద్దలకూ జవాబు తెలియని ప్రశ్నను ఇంటిల్లిపాదీ కలిసి వెతకడమే ఇందులోని సరదా. ‘ఎందుకు?’ అని అడిగే అలవాటు పిల్లలకు బడిలో కన్నా ఇంట్లోనే ముందు అబ్బుతుంది. దానికి కావలసినవి తీరిక, పక్కన ఒక పెద్దమనిషి. ఈ పండుగ సెలవుల్లో ఆ రెండూ నగరంలోనే మనకు దొరుకుతాయి.