సంఘం డబ్బు సంఘం పేరునే ఉండాలి

మన వాడల్లో సంఘం పెట్టడం కష్టమేం కాదు. అంబేద్కర్ జయంతి నాడు బోర్డు కడతాం, జెండా ఎగరేస్తాం, ఇంటికింతని చందా పోగేస్తాం. మరి ఆ డబ్బు ఎక్కడుంటోంది? ప్రెసిడెంటు ఇంట్లో ట్రంకుపెట్టెలోనో, ఆయన సొంత ఖాతాలోనో. ఆయన నిజాయితీపరుడే కావచ్చు. కానీ రేపు ఆయనే పోతే ఆ ఖాతా కోసం బ్యాంకుకు పోయేది ఆయన వారసులే గాని వాడ కాదు. బతికుండగా లెక్క అడిగితే ‘నా మీదే అనుమానమా?’ అంటాడు. సంఘం రెండు ముక్కలవుతుంది. పెత్తందారుకు కావలసిందీ అదే.

కారంచేడు మారణకాండ జరిగింది 1985లో. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2008లో. ఇరవై మూడేళ్లు! ఊరేగింపుకు ఒక్కరోజు ఆవేశం చాలు. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగాలంటే నిలిచే నిధి కావాలి. 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం రాసిన బాబాసాహెబు పేరు పెట్టుకున్న సంఘానికి లెక్కల పుస్తకం లేకపోవడం సిగ్గుచేటు.

ఏడుగురు కలిస్తే 2001 నాటి సొసైటీల చట్టం కింద సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవచ్చు. ఆ సర్టిఫికెట్టు, నిబంధనావళి, సంఘం పేరున పాన్ కార్డు, ఖాతా తెరవాలన్న తీర్మానం, సంతకాలు పెట్టేవాళ్ల ఆధార్, ఫోటోలు పట్టుకుని బ్యాంకుకు పోవాలి. అక్కల పొదుపు సంఘానికైతే రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. పొదుపు ఖాతా తెరవడానికి సభ్యులందరి కాగితాలూ అవసరం లేదు, బాధ్యులవి చాలునని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది. ‘రేపు రా’ అని తిప్పుతుంటే ఫిర్యాదు రాసిచ్చి రశీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. మనం అడిగేది దయ కాదు, హక్కు.

ఖాతా తెరిస్తే పని అయిపోలేదు. పాసుబుక్కు మళ్లీ ఒకరి ఇంట్లోనే మగ్గితే ట్రంకుపెట్టెకూ దానికీ తేడా ఏముంది? ముగ్గురిని పెట్టి, ఏ ఇద్దరి సంతకాలు లేకుండా పైసా బయటికి రాకుండా రాయించండి. ఆ ముగ్గురిలో ఒక్కరైనా ఆడమనిషి ఉండాలి. కూలి డబ్బుల్లోంచి చందా ఇచ్చేది అక్క, చెక్కు మీద చెయ్యి మాత్రం అన్నదా? నెలకోసారి వాడ నడుమ పాసుబుక్కు గట్టిగా చదవాలి. చదువురాని ముసలమ్మ అడిగినా జవాబు చెప్పాలి.

పంచాయతీ నిధులేమయ్యాయని సర్పంచిని నిలదీసే నోరు మనకు కావాలి. ముందు మన లెక్క మనం చెప్పుకుంటేనే ఆ నోటికి బలం.

జై భీమ్!