పేరు మారినా రక్తం మారదు

పదివేల మంది భారతీయుల జన్యు సమాచారాన్ని 2025 జనవరిలో ప్రభుత్వం పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. ఇక ఎవరి శరీరానికి తగిన మందు వారికి దొరుకుతుందని ఆశలు రేగాయి. దొరకవచ్చు. కానీ మన మత్తు డాక్టర్లకు ఏళ్ల తరబడి తెలిసిన ఒక్క సంగతినైనా మనం సరిగా వాడుకుంటున్నామా?

ఆపరేషన్‌లో శ్వాసగొట్టం వేసేటప్పుడు కండరాలు సడలడానికి చాలాచోట్ల సక్సామెథోనియం అనే ఇంజెక్షన్ ఇస్తారు. మామూలుగా రక్తంలోని ఒక ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లో హరిస్తుంది. పుట్టుకతోనే ఆ ఎంజైము లోపించినవారికి మాత్రం గంటల తరబడి కండరాలు కదలవు, ఊపిరి ఆడదు. వెంటిలేటర్ మీద ఉంచితే తేరుకుంటారు. ఈలోగా మత్తు తగ్గితే, అన్నీ తెలుస్తూనే వేలైనా కదపలేరు. వెంటిలేటర్ లేని చిన్న నర్సింగ్ హోములో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఈ లోపం ఆర్యవైశ్యుల్లో మిగతావారికంటే చాలా ఎక్కువ. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడంతో, పూర్వికుల్లో కొద్దిమందికి ఉన్న జన్యుమార్పు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ బిడ్డకు చేరుతోంది. ఇది ఆ కులానికి మచ్చేమీ కాదు. హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, దక్షిణాసియాలోని 263 సమూహాల్లో 81 ఇలాంటి బిగుతైన వంశాలవేనని తేలింది. బాప్తిస్మం తర్వాత కూడా కులం చూసే సంబంధాలు కలుపుకుంటున్న మన సంఘాలు ఇందుకు మినహాయింపు అనుకోలేం.

మనకు మరో చిక్కు ఉంది. వైశ్య కుటుంబాల నుంచి ప్రభువును నమ్ముకొని వచ్చినవారి పిల్లల పేర్లు శామ్యూల్, ఎస్తేరు. పేరు చూసి డాక్టరుకు అనుమానం రాదు, కులం అడగడానికి మొహమాటం. అడిగినా మనవాళ్లు “మేం క్రైస్తవులం” అని ఊరుకుంటారు. విశ్వాసపరంగా సరైన జవాబే, ఆపరేషన్ బల్ల మీద మాత్రం చాలదు.

పురుగుమందు తాగినవారికి చేసే కోలినెస్టరేజ్ రక్తపరీక్షే ఇక్కడా పనికొస్తుంది. లోపం ముందే తెలిస్తే రోక్యురోనియం వంటి వేరే మందు వాడతారు. ఇంట్లో ఒకరికి బయటపడితే తోబుట్టువులూ చేయించుకోవాలి. మన మిషన్ ఆసుపత్రులైనా ప్రతి రోగినీ రెండు మాటలు అడగాలి: మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత ఆలస్యంగా ఊపిరి తీసుకున్నారా? మీ తాతముత్తాతలది ఏ కులం? ఎందుకు అడుగుతున్నారో ముందే చెబితే నొచ్చుకునేవారు తక్కువ. అర్ధరాత్రి అత్యవసర సిజేరియన్‌కు తెచ్చిన తల్లి దగ్గర పరీక్షకు వ్యవధి ఉండదు. ఆ వివరం నెలల ముందే ఆమె గర్భిణి కార్డులో రాసి ఉండాలి.