చీపురు పెట్టరాని చోటు

క్రిందటి శీతకాలమున విద్యార్థులను వెంటబెట్టుకొని భూపాలపల్లి సీమలోని పాండవుల గుట్టకు పోయినపుడు మేమొక తప్పిదము చేసితిమి. భోజనమునకు కూర్చుండుటకై ఒక రాతిచరియ క్రింది నేలను బాలురచేత ఊడ్పించితిమి. ఎలుకలు చేర్చిన గింజల పొట్టు, ఏదుముళ్లు, కొరికిన యెముక ముక్కలు చీపురు ముందర కొట్టుకొనిపోయినవి. శుభ్రత నేర్పితిమని ఆనాడు సంతోషించితిమి కూడ! ఆ చెత్త నిన్నటిదో, వేయేండ్లనాటిదో ఇక నెవ్వరును చెప్పజాలరు.

అమెరికా పడమటి యెడారులలో పాక్‌ర్యాట్ అను ఎలుక కలదు. తన చుట్టుపట్ల దొరకు పుల్లలు, ఆకులు, గింజలు, ఎముకలు తెచ్చి రాతి సందులలో పోగుచేయును. దాని మూత్రమెండి స్ఫటికమువలె గట్టిపడి ఆ పోగును బంధించును. వాన తగులని చోట నట్టిది 40,000 ఏండ్లైనను చెడదు. 1964లో వెల్స్, జోర్గెన్సెన్ అనువారు నెవాడాలో నిట్టి పోగులను పరీక్షింపగా, నేడు తుప్పలే గల యెడారిలో జూనిపర్ చెట్ల రెమ్మలు కనబడినవి. హిమయుగమున అచ్చట వృక్షములుండెనన్నమాట. 1995లో ఫెలిసా స్మిత్ మొదలగువారు పోగులలోని పెంటికల వెడల్పు కొలిచి, చలి హెచ్చిన కాలమున ఆ యెలుకల దేహము పెరిగి, వేడిమి హెచ్చినపుడు తగ్గినదని 25,000 ఏండ్ల వృత్తాంతమును తేల్చిరి. పెంటికలలో జీవపరిణామమును చదువుటయా యని తరగతిలో నవ్విరి. మేమును మొదట నవ్వినవారమే.

అట్టి పోగులకు తేమ శత్రువు. మన దేశమున గుహల మన్ను ఆ పని కొంత చేసినది. బేతంచెర్ల చెంతనున్న బిల్లసర్గము గుహలను గూర్చి 1844లో న్యూబోల్డు దొర వ్రాసెను. 1884-85లో రాబర్టు బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ వానిని త్రవ్విరి. అచ్చట దొరకిన యెముకలను 1886లో లిడెక్కర్ వర్ణించెను. వానిలో ఖడ్గమృగముతోపాటు పందికొక్కు, ఎలుకలు, ఇప్పుడు నశించిన యొక జాతి ఏదుపంది గలవు. ఖడ్గమృగమును అందరును మెచ్చుకొందురు. కాని ఒక ప్రదేశము గడ్డినేలయో, అడవియో చెప్పుటకు దూరము పోని చిన్న యెలుకయే మేలైన సాక్షి. అయితే ఎముక ఏ పొరలో నుండెనో తెలియవలెను. పొర చెదరినచో సాక్ష్యము పోయినట్లే.

కావున విహారమునకు పోవు బడులవారు చరియల క్రింది నేలను ఊడ్వరాదని, త్రవ్వరాదని, ఒక్క ఏదుముల్లునైనను ఇంటికి కొనిపోరాదని మా యభిప్రాయము. బిడ్డలు మురికిలో కూర్చుండిరని తలిదండ్రులు మాపై కోపింతురేమో, కోపింపనిండు. జనగామ, మహబూబాబాదులనుండి వచ్చు బాలురు తమ యూళ్ల గుట్టలయందును ఈ నియమమును పాటింపవలెను.

వచ్చు శీతకాలమున మరల పాండవుల గుట్టకు పోవుదుము. చాపలు, నోటుపుస్తకములు తెచ్చుకొనుడు. చీపురు వలదు.