సీటు మారిస్తే ముక్క మారుతుందా?

సంక్రాంతికి పేకాట బల్ల దగ్గర ఓడుతున్నవాడు ముందు సీటు మారుస్తాడు. అయినా కలిసిరాకపోతే పేక మార్చమంటాడు. అదీ అయ్యాక వెనక నిలబడ్డ బావమరిది మీద పడతాడు: "నువ్వొచ్చినప్పట్నుంచీ ఒక్క ముక్క పడట్లేదు, అవతలికి పోరా!"

అసలు చూడాల్సింది ఆయన చేతిలో ముక్కల్ని. ఆటీన్ ఆరు, ఎనిమిది పట్టుకుని నడిమి ఏడు కోసం కూర్చున్నాడు. రెండు పేకల రమ్మీలో ఆటీన్ ఏడ్లు రెండే. విడి జోకర్లు కలపని ఆటలో తన పదమూడూ, కట్ జోకరూ, తెరిచిన ముక్కా పోతే కనబడనివి 89. అంటే తీసిన ప్రతిసారీ దాదాపు 44లో ఒక వంతు అవకాశం. అదే ఏడు, ఎనిమిది ఉంటే ఆరొచ్చినా తొమ్మిదొచ్చినా సరిపోయేది. నాలుగు ముక్కలు, రెట్టింపు అవకాశం. పైగా ఒక ఆటీన్ ఏడుని అవతలి మూల కూర్చున్నాయన రెండో చుట్టులోనే పారేశాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా చూశారు, మనవాడు తప్ప. ఇదంతా బావమరిది ఖాతాలో పడింది.

కొత్తవాళ్లకి మొదట నేర్పాల్సింది డ్రాప్ చెయ్యడం. 101 పూల్ రమ్మీలో మొదట్లోనే తప్పుకుంటే పడేది 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, నిండా మునిగితే 80. లెక్క ఇంత తేటగా ఉన్నా, "నాలుగాటలు వరసగా పోయాయి, ఈసారి రాక తప్పదు" అని చెత్త చేతితోనే దిగుతారు. బాగా కలిపిన పేకకి పోయిన ఆట సంగతి తెలియదు.

పోకర్‌లోనూ ఇదే జబ్బు. ఒకే రంగువి నాలుగు చేరాయి, ఐదోది కావాలి, రావాల్సింది చివరి ముక్క ఒక్కటే. కనబడనివి 46, పనికొచ్చేవి 9. ఐదింట ఒకసారి కూడా పూర్తిగా రాదు. ఎదుటివాడి పందెంతో కలిపి బల్ల మీద 300 ఉండి, చూడటానికి 100 కట్టాలంటే నాలుగింట ఒకసారైనా వస్తేనే గిట్టుబాటు. తర్వాత అతని దగ్గర ఇంకేమీ రాబట్టలేమనుకుంటే ముక్కలు పడేయడమే సరైన ఆట. "ఇవాళ నా రోజు" అన్న నమ్మకం ఆ 9ని 10 చెయ్యదు.

మన పురాణకారులు ఈ విషయంలో మనకంటే తెలివిగలవాళ్లు. నలుడు కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చాడట, అందుకని కలి ఆవహించి జూదంలో రాజ్యం పోగొట్టాడట. అంతవరకూ మనవాళ్లకి బాగా గుర్తే. తర్వాతి భాగం ఎవరూ చెప్పరు. తాండ్రచెట్టు ఆకులూ కాయలూ ఇన్నని ఋతుపర్ణ మహారాజు చూసి చెబితే, నలుడు ఊరికే నమ్మలేదు. చెట్టు కొట్టి లెక్కపెట్టి చూసుకున్నాడు. ఆ లెక్క విద్యతో పాటు అక్షహృదయం, అంటే పాచికల మర్మం, చేతికొచ్చాకే కలి వదిలాడు. శాంతి హోమం మాట అక్కడ లేదు.

అదృష్టాన్ని నమ్మనివాళ్లకి ఇంకో మూఢనమ్మకం ఉంది: "ఇది స్కిల్ గేమ్." సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీలో నైపుణ్యమే ప్రధానమంది, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి అంది. మూడు ముక్కలాటని మాత్రం ఒట్టి అదృష్టమంది. ఆటకి నైపుణ్యం కావాలన్న మాటని, ఆ నైపుణ్యం తమకుందన్న సర్టిఫికెట్‌గా చదువుకున్నవాళ్లే యాప్‌లలో జీతాలు పోశారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 కేంద్ర చట్టమైతే నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే పక్కనపెట్టి డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపింది.

నిపుణులకీ తప్పనిది కమిషన్. ఆరుగురు తలా వెయ్యి తెచ్చి, ప్రతి ఆటకీ పదో వంతు బల్ల నడిపేవాడికి ఇస్తూ పోతే, తెల్లారేసరికి ఆ ఆరు వేలలో పెద్ద వాటా అతని జేబులో ఉంటుంది, ఎవరి జాతకం ఎలా ఉన్నా.