సెంటున్నరలో పెరడు ఎక్కడ?

'పెరట్లో నాలుగు కూరమొక్కలు పెంచుకోండి, రక్తహీనత పోతుంది.' పోషణ మాసం వచ్చిందంటే అంగన్‌వాడీ కేంద్రాల దగ్గర వినిపించే మాట ఇది. పెరటి తోటకు మనం వ్యతిరేకం కాదు. తరతరాలుగా పెరటి కూర తిని బతికినవాళ్లం, మనకు కొత్తగా నేర్పేదేముంది? మన ప్రశ్న ఒక్కటే. ఆ పెరడు ఏమైంది?

ముందు జాగా సంగతి చూద్దాం. 2020లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఇచ్చిన ఇంటి పట్టా సెంటున్నర, అంటే 72 గజాల చిల్లర. తెలంగాణలో డబుల్ బెడ్రూం ఇల్లు 560 చదరపు అడుగులు. గోడలు, మరుగుదొడ్డి, నీళ్ల డ్రమ్ము పోను మిగిలేది చెప్పులు విడిచే చోటు. సొరపాదు దేని మీదికి పాకాలి? కూలికి పోయే ఇల్లాలికి ఒక చేత్తో సెంటున్నర పట్టా ఇచ్చి, ఇంకో చేత్తో పెరటి తోట కరపత్రం ఇవ్వడం వెక్కిరింత కాక మరేమిటి?

జాగా ఉన్న రైతుల సంగతీ అంతంతే. మన కూరలో సగం ఇంటి వెనక కాదు, చేలోనే ఉండేది. జొన్న, కంది సాళ్ల మధ్య బొబ్బర్లు, దోస, పుంటికూర వేసేవాళ్లం. ఎవరూ విత్తకుండా మొలిచేవి వేరే: గునుగు, గంగవాయిలి, చెంచలి, తుమ్మి, గలిజేరు. కలుపుకు పోయిన ఆడవాళ్లు సాయంత్రం కొంగులో కట్టుకుని వస్తే ఆ పూటకు పప్పుకూర అయ్యేది. కలుపే కూర. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాలతో పాటు ఈ విత్తని కూరలను కాపాడుకుంటూ వస్తున్నాయి.

మిగతా చోట్ల గడ్డిమందు పడింది. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ను లైసెన్సున్న పురుగు నివారణ సిబ్బంది తప్ప మరెవరూ కొట్టరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఊళ్లో ఆ సిబ్బందిని చూసినవాళ్లెందరు? డబ్బా మాత్రం దొరుకుతుంది. బీజీ-3 అని అంటున్నారే, ఆ గడ్డిమందు తట్టుకునే పత్తికి దేశంలో అనుమతే లేదు. అయినా లూజు సంచుల్లో వస్తూనే ఉంది. మందు కొట్టిన చేలో పత్తి మొక్క ఒక్కటే నిలబడుతుంది. బతుకమ్మకు గునుగు పువ్వు కూడా పట్నంలో కట్టలు కొనే కాలం వచ్చింది. కూలీ దొరకక, దొరికినా ధర కుదరక రైతు గడ్డిమందు పట్టాడని మనకు తెలుసు. పత్తికి గిట్టుబాటు ధర ఇస్తే కలుపు తీయించే స్తోమత ఉంటుంది. ధర ఇవ్వనివాళ్లే పోషణ పాఠాలు చెబుతున్నారు.

లెక్క వేద్దాం. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. నలుగురున్న ఇంటికి కిలోన్నర దాటుతుంది. కిలో 40 రూపాయల చొప్పున చూసినా నెలకు 1,900 పైమాటే. పత్తి డబ్బు వచ్చేది ఏడాదికి ఒకసారి. అందుకే చాలా ఇళ్లలో చారు, పచ్చడి మెతుకులతో పూట గడుస్తోంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం స్త్రీలకు రక్తహీనత ఉంది. ఆకుకూర ఒక్కటే దానికి మందు కాదు. కానీ పళ్లెంలోంచి పోయినవాటిలో అది ముందుంది.

పెరడు ఉన్న ఇంటికి ఏ కాలం కూర ఆ కాలానికి దొరికేది. ఎండల్లో చింతచిగురు పప్పు, ఆషాఢంలో మునగాకు, వానలకు బీర, పొట్ల. బీరకాయ కూరకు, దాని తొక్కు రోటి పచ్చడికి. ఇప్పుడు పెట్టిన చిక్కుడు సంక్రాంతికి సజ్జరొట్టెలోకి వస్తుంది. ఒక కాయ ముదరనిస్తే వచ్చే ఏటికి విత్తనం. పొట్లాల్లో కొనే హైబ్రిడ్ గింజకు ఆ గుణం లేదు. ఏటేటా దుకాణానికి పోవాల్సిందే.

ఇక కోతులు. తెలంగాణ పల్లెల్లో ఎవరిని అడిగినా పెరడు మానుకున్నది వాటి వల్లేనంటారు. పిందె పడగానే మంద దిగుతుంది. ఇది నవ్వులాటకు చెప్పుకునే విషయం కాదు. అడవిలో పండ్లచెట్లు పోతే ఊళ్ల మీద పడ్డాయి. దీనికి ఇంటింటికీ ఒక కర్ర పరిష్కారం కాదు.

పెరడు ఆడవాళ్ల పని, సంఘానికేం సంబంధం అనే నాయకులు కొందరున్నారు. ఎరువు ధర పెరిగితే ధర్నా చేస్తాం, ఇంట్లో కూర లేకపోతే ఆమె సర్దుకోవాలా? బిందె నీళ్లు మోసేదీ ఆమే, పాదుకు పోసేదీ ఆమే, చివర మిగిలింది తినేదీ ఆమే.

అందుకే వచ్చే గ్రామసభలో ఈ మాట లేవనెత్తుదాం. ఇంటిస్థలం కనీసం అయిదు సెంట్లు ఉండాలి. జాగాలేని కుటుంబాలకు పంచాయతీ భూమిలో ఉమ్మడి కూరతోట, దానికి ఉపాధి హామీ పనిదినాలు, నీళ్ల కనెక్షన్ ఇవ్వాలి. కోతుల బెడద పంటనష్టంగా లెక్కకు రావాలి. అనుమతి లేని పత్తి విత్తనం అమ్మేవాడి మీద కేసు పెట్టాలి, కొన్న రైతు మీద కాదు. తీర్మానం రాయించి, సంతకాలు పెట్టించి, నకలు ఒకటి మండల కమిటీకి పంపండి.