బండి మీద మెసేజ్ చూడొద్దు! బండి మీదున్న మనిషికి మెసేజ్ పెట్టొద్దు!



బండి మీద వెళ్తూ ఈ కాగితం అందుకున్నవాళ్లు దయచేసి పక్కకు ఆపి చదవండి. లేదంటే మడిచి జేబులో పెట్టుకోండి, ఇంటికెళ్లాక చదువుకోవచ్చు. ఫోన్‌లో మెసేజ్ కూడా అలాగే ఆగుతుంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. "ఎక్కడున్నావ్?" అన్న మెసేజ్ తెరిచి, "వస్తున్నా" అని కొట్టడానికి ఐదు సెకన్లు వేసుకోండి. 70 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. ఆ 70 మీటర్లలోనే బడి పిల్లలు రోడ్డు దాటుతుంటారు, డివైడర్ సందులోంచి గేదె వస్తుంది, ముందు పోయే ఆటో చెయ్యెత్తిన మనిషి కోసం ఆగిపోతుంది. "నేను నెమ్మదిగానే పోతా" అంటారా? 30లో పోయినా ఆ ఐదు సెకన్లకు 40 మీటర్లు దాటిపోతారు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, 184వ సెక్షన్ ప్రకారం, నడుపుతూ ఫోన్ చేతపట్టి వాడితే మొదటిసారికే వెయ్యి నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ.

అసలు మాట ఇంట్లో ఉన్నవాళ్లతో. అబ్బాయి బయల్దేరాడని తెలుసు. అయినా "ఎక్కడిదాకా వచ్చావ్?" అని అడుగుతాం. అంతలో పాల ప్యాకెట్ గుర్తొస్తుంది, మళ్లీ ఇంకో మెసేజ్. జవాబు రాకపోతే అలుగుతాం. ప్రేమతోనే చేస్తాం, కానీ అతని చెయ్యి హ్యాండిల్ వదిలేది మన కోసమే. అన్నం తెచ్చే డెలివరీ కుర్రాణ్ని "ఇంకెంతసేపు?" అని తరిమేదీ మనమే. సూపర్‌వైజర్లూ, మేనేజర్లూ, డ్యూటీ దిగి బండెక్కిన మనిషిని "అర్జెంట్, వెంటనే రిప్లై" అని పరుగెత్తించకండి.

బండెక్కే ముందు ఒక్క మెసేజ్ పెట్టండి: "బండెక్కుతున్నా." ఆ తర్వాత ఫోన్ డిక్కీలో పడేయండి. ఆ మెసేజ్ చూసినవాళ్లు, మనిషి గుమ్మంలోకి వచ్చేదాకా ఏమీ పంపకండి. తప్పనిసరి పని పడితే ఫోన్ చేయండి, అతను బండి ఆపాకే తీస్తాడు. ఆలస్యంగా తీశాడని కోప్పడొద్దు.

ఈ సాయంత్రం నుంచే మొదలుపెట్టండి. ఈ కాగితాన్ని పారేయకుండా, ఇంట్లో ఫోన్ చార్జింగ్ పెట్టే చోట గోడకు అంటించండి.

ఇట్లు,
రోజూ ఇదే రోడ్డు మీద తిరిగే మీ ఇరుగుపొరుగు